పాత కంప్యూటర్ సిమ్యులేటర్‌కు తొలిమెట్టు గైడు రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో డిప్లొమా విద్యార్థులకు ఎలక్ట్రానిక్స్ బోధిస్తాను. ఆదివారాలు బాలాజీ కాలనీలోని మా ఇంటి ముందుగదిలో కొందరు పిల్లలతో కూర్చుని పాత కంప్యూటర్ల సిమ్యులేటర్లు నడుపుతాం. వాటికి తెలుగులో ఒక గైడు కూడా రాస్తున్నాం. రాయడంలో సాయపడతామని వచ్చేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఈ పేజీలో కమాండ్లను పలికే తీరులో తెలుగు అక్షరాల్లో ఇచ్చాను. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.

సిమ్యులేటర్ అంటే ఏమిటి? మీరు ఏ సిమ్యులేటర్ గురించి రాస్తున్నారు?

ఇప్పుడు ఎక్కడా దొరకని, దొరికినా నడవని ఒక పాత యంత్రం ఎలా ప్రవర్తించేదో అచ్చం అలాగే ప్రవర్తించే ప్రోగ్రాం సిమ్యులేటర్. ఆ యంత్రం కోసం 1960లలో రాసిన ప్రోగ్రాంను ఇచ్చినా, తేడా తెలియకుండా నడిపిస్తుంది.

మేము వాడేది సిమ్‌హెచ్. బాబ్ సుప్నిక్ 1993లో దీన్ని మొదలుపెట్టారు. పీడీపీ-8, పీడీపీ-11, వ్యాక్స్, ఐబీఎం 1401, ఆల్టెయిర్ వంటి ఎన్నో యంత్రాలు ఇందులో ఉన్నాయి. 2022 నుంచి ఓపెన్ సిమ్‌హెచ్ పేరుతో ఒక శాఖ వేరుగా నడుస్తోంది. అందుకే గైడు మొదటి పుటలోనే ఏ శాఖ, ఏ వెర్షన్ మీద పరీక్షించి రాశారో చెప్పాలి. ఒక వెర్షన్‌లో కనిపించే వాక్యం ఇంకోదానిలో కొద్దిగా మారి కనిపిస్తే, అనుభవం ఉన్నవారు పట్టించుకోరు. కొత్తవారు మాత్రం తామే ఏదో తప్పు చేశామనుకుంటారు.

దానికి మాన్యువళ్లు ఇప్పటికే ఉన్నాయి కదా. మళ్లీ రాయడం ఎందుకు?

ఉన్నాయి, చాలా శ్రద్ధగా రాసినవే. ప్రతి యంత్రానికీ విడిగా ఒక పత్రం ఉంది. ఏ పరికరానికి ఏ పేరు, ఏ అమరిక, ఏ రిజిస్టర్ ఎన్ని బిట్లు అన్నది అందులో వెతికితే దొరుకుతుంది. కానీ అవి ఆ యంత్రాన్ని ఎరిగినవారి కోసం రాసినవి. పీడీపీ-8 ముందు ఒకసారైనా కూర్చున్న మనిషికి అవి చాలు. అలాంటివారు ఏటికేడాది తగ్గిపోతున్నారు.

తిరుపతిలో ఉండి ఈ పని చేస్తుంటే నాకు తరచుగా అన్నమయ్య రాగిరేకులు గుర్తుకొస్తాయి. తిరుమల ఆలయంలోని సంకీర్తనా భాండాగారంలో ఆ రేకులు శతాబ్దాల పాటు భద్రంగా ఉన్నాయి. పాట ఉంది, పైన రాగం పేరు ఉంది. ఆ రాగంలో ఎలా పాడేవారో చెప్పే స్వరం మాత్రం లేదు. చెక్కినవారికి ఆ అవసరం తోచి ఉండదు, ఎందుకంటే పాడేవారు కళ్లెదుటే ఉన్నారు. నేడు మనం వింటున్న బాణీల్లో చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి విద్వాంసులు 20వ శతాబ్దంలో కట్టినవి.

పాత కంప్యూటర్ల విషయంలో జరుగుతున్నదీ అదే. ప్రోగ్రాం ఉంది, డిస్కు నకలు ఉంది, మాన్యువల్ స్కాన్లు ఉన్నాయి. మీట నొక్కాక ఎంతసేపు ఆగాలి, దీపాలు ఎలా వెలిగితే సరిగా నడుస్తున్నట్టు, ఏ తప్పు అందరూ చేసేవారు అన్నవి ఎవరూ రాసిపెట్టలేదు, అప్పట్లో అందరికీ తెలుసు కాబట్టి. తొలిమెట్టు గైడు రాసేవారి పని ఈ "అందరికీ తెలిసిన" విషయాలను కాగితం మీద పెట్టడమే.

ఏ యంత్రంతో మొదలుపెట్టాలి?

పీడీపీ-8. ఇందులో నాకు రెండో మాట లేదు.

1965లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ దీన్ని 18,000 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. 12 బిట్ల పదాలు (పదం అంటే ఇక్కడ మెమరీలో ఒక చోట పట్టే సంఖ్య), 4096 పదాల మెమరీ, మొత్తం ఎనిమిది ప్రాథమిక ఆదేశాలు. ఒక మధ్యాహ్నంలో యంత్రమంతా బుర్రలో పడుతుంది. ఇవాళ్టి ఏ కంప్యూటర్ గురించీ ఆ మాట అనలేం. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ తయారుచేసిన తొలి కంప్యూటర్ టీడీసీ-12 కూడా 12 బిట్లదే. అది చెప్పగానే పిల్లల ముఖాల్లో ఒక వెలుగు వస్తుంది. ఇది ఎక్కడో అమెరికా కథ కాదని తెలుస్తుంది.

చాలామంది నేరుగా పీడీపీ-11 మీద యూనిక్స్ నడిపించి చూపించాలనుకుంటారు. చూడటానికి అది ఘనంగా ఉంటుంది. అయితే చదివేవారికి అక్కడ ఒకేసారి మూడు కొత్త విషయాలు ఎదురవుతాయి: సిమ్యులేటర్, పాత యంత్రం, పాత ఆపరేటింగ్ సిస్టం. ఏది ఎక్కడ ఆగిపోయిందో తేల్చుకోలేక వదిలేస్తారు.

గైడు మొదటి పాఠంలో ఏముండాలి?

రెండు అంకెలు కూడి, జవాబు చూపించడం. అంతకంటే ఎక్కువ వద్దు. ఇన్‌స్టాల్ చేసిన పావుగంటలో పాఠకుడు తన చేత్తో ఒక పాత యంత్రం చేత ఒక పని చేయించి ఉండాలి. చరిత్ర, పరికరాల జాబితా, అమరికలు అన్నీ ఆ తర్వాతే.

మా మొదటి పాఠం ఇదీ. సిమ్యులేటర్ తెరవగానే పేరు, వెర్షన్ ఉన్న ఒక వరుస వస్తుంది. దాని కింద "సిమ్>" అని వచ్చి ఆగిపోతుంది. అక్కడ ఈ ఎనిమిది వరుసలు ఒక్కొక్కటిగా కొట్టి, ప్రతిసారీ ఎంటర్ నొక్కాలి:

డిపాజిట్ 200 7300
డిపాజిట్ 201 1205
డిపాజిట్ 202 1206
డిపాజిట్ 203 3207
డిపాజిట్ 204 7402
డిపాజిట్ 205 5
డిపాజిట్ 206 4
గో 200

గది అంటే మెమరీలో ఒక చోటు, కూడిక పెట్టె అంటే యంత్రం మొత్తాన్ని కూడబెట్టే చోటు. 200వ గదిలోని 7300 కూడిక పెట్టెను ఖాళీ చేస్తుంది. 1205 అంటే 205వ గదిలో ఉన్నది తెచ్చి కలుపు. 1206 కూడా అలాగే. 3207 వచ్చిన మొత్తాన్ని 207వ గదిలో పెడుతుంది. 7402 ఆగమంటుంది. ఆ వెంటనే తెర మీద హాల్ట్ ఇన్‌స్ట్రక్షన్ అనీ, పీసీ: 00205 అనీ, పక్కన "యాండ్ 5" అనీ వస్తుంది. తర్వాత "ఎగ్జామిన్ 207" అని కొడితే జవాబు కనిపిస్తుంది.

ఈ పాఠాన్ని మేము మొదట రాసిన తీరుకూ ఇప్పుడున్న తీరుకూ చాలా తేడా ఉంది. పాకాల వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి తొలి చిత్తుప్రతి పట్టుకుని కూర్చుంది. మొదటి వరుస కొట్టి ఎంటర్ నొక్కింది. తెర మీద ఏమీ రాలేదు, మళ్లీ "సిమ్>" వచ్చింది. ఆమె ఆగింది. చేతులు ఒడిలో పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంది. గోడ గడియారంలో నాలుగు నిమిషాలు గడిచాయి. "మేడం, ఇంకా లోడవుతోంది" అంది. ఏమీ లోడవడం లేదు. డిపాజిట్ కమాండ్ పని పూర్తయితే మౌనంగా ఉంటుంది, అంతే. ఫోనులో ఏది నొక్కినా ఏదో ఒకటి కదిలే కాలంలో పెరిగిన పిల్లకు మౌనం అంటే "ఇంకా కాలేదు" అని అర్థం. ఆ రోజే గైడులో ఒక వాక్యం చేరింది: "ఎంటర్ నొక్కాక ఏమీ కనిపించకపోతే పని సరిగ్గా జరిగినట్టే, వెంటనే తర్వాతి వరుస కొట్టండి." మొత్తం గైడులో ఒక్క వాక్యమే ఉంచమంటే నేను ఉంచేది అదే.

అప్పటి నుంచి ప్రతి అడుగునూ మూడు ముక్కలుగా రాస్తున్నాం. ఏం కొట్టాలి, ఏం కనిపించాలి, అది కనిపించకపోతే ఏం చేయాలి. మూడో ముక్క రాయడానికి మిగతా రెండింటికంటే ఎక్కువ సమయం పడుతుంది, ఎందుకంటే తప్పులన్నీ ముందు మనమే చేసి చూడాలి.

204లో ఆగమంటే 205 అని ఎందుకు చూపిస్తుంది? పక్కన "యాండ్ 5" అని ఎందుకు ఉంటుంది?

ఇవి రెండూ చదివేవారు అడిగి తీరే ప్రశ్నలు. గైడులో ఆ చోటే జవాబు ఉండాలి.

పీసీ అంటే ప్రోగ్రాం కౌంటర్; తర్వాత చదవాల్సిన గది మీద యంత్రం పెట్టుకున్న వేలు అనుకోండి. యంత్రం ఒక ఆదేశాన్ని తీసుకోగానే వేలు తర్వాతి గది మీదికి జరుపుతుంది, ఆ తర్వాతే తీసుకున్న ఆదేశాన్ని అమలు చేస్తుంది. అందుకే 204లోని ఆదేశంతో ఆగినా వేలు 205 మీద ఉంటుంది. ఆ గదిలో మనం పెట్టిన 5 ఉంది. సిమ్యులేటర్ ఆ 5ను ఆదేశంగా భావించి చదివితే "యాండ్ 5" అవుతుంది (యాండ్ ఆ ఎనిమిది ఆదేశాల్లో ఒకటి). మెమరీలో ఆదేశానికీ అంకెకూ తేడా లేదు; వేలు ఎక్కడ పెడితే అదే ఆదేశం. కంప్యూటర్ శాస్త్రంలో ఇంత లోతైన విషయం మొదటి పావుగంటలోనే, ఒక వింత పంక్తి రూపంలో, దానంతట అది ఎదురొస్తుంది. దాన్ని దాటవేయకండి.

5, 4 కలిపితే 0011 వస్తోంది. సిమ్యులేటర్ తప్పా?

కాదు. పీడీపీ-8 మాన్యువళ్లలోనూ సిమ్‌హెచ్‌లోనూ ఈ యంత్రం లెక్క ఆక్టల్‌లో ఉంటుంది. అంటే 0 నుంచి 7 వరకే అంకెలు, ఏడు తర్వాత 10. గైడు రాసేవారు చాలామంది ఈ ఇబ్బంది రాకుండా 2, 3 కలిపించి 5 తెప్పిస్తారు. మేము కావాలనే 5, 4 పెట్టాం. ఎప్పుడో ఒకప్పుడు తగలాల్సిన దెబ్బ, పక్కన మనం ఉన్నప్పుడే తగలడం మంచిది.

దీన్ని ఎలా వివరించాలా అని నేను చాలా రోజులు తంటాలు పడ్డాను. స్థానవిలువలు, ఘాతాలు, పట్టికలు అన్నీ రాసి కొట్టేశాను. జవాబు ఒక పెద్దావిడ దగ్గర దొరికింది. పాకాల అమ్మాయి వాళ్ల అవ్వ తిరుమల దర్శనం చేసుకుని మా ఇంటికి వచ్చింది. చిత్తూరు బెల్లం మండీకి సరుకు తోలిన కుటుంబం వారిది. మనవరాలు తెర మీది 0011 చూపించి, "ఐదూ నాలుగూ పదకొండట అవ్వా" అంది. అవ్వ అడిగిన మొదటి మాట: "వీశెలా?"

ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఐదు వీశెల బెల్లం, నాలుగు వీశెల బెల్లం కలిపి తూస్తే ఒక మణుగు, ఒక వీశె. రాస్తే ఒకటి పక్కన ఒకటి. ఆవిడకు ఇందులో వింత ఏమీ కనిపించలేదు. కిలోలు రాకముందు చిన్నతనంలో వేళ్ల మీద చేసిన లెక్కే అది. ఆ అమ్మాయి ఒక నిమిషం అవ్వ ముఖం, ఒక నిమిషం తెర చూసి, 7కు 1 కలిపి చూస్తానంది. 0010 వచ్చింది. "నిండు మణుగు" అంది అవ్వ.

ఆ వివరణ ఇప్పుడు గైడులో ఉంది. వీశెలు తెలియని పిల్లలకు ముందు వీశె ఏమిటో చెప్పాలి కదా అని కొందరు అభ్యంతరం చెప్పారు. చెప్పాలి, ఒక్క వాక్యం చాలు. పది దగ్గరే లెక్క నిండాలన్న నియమం లేదని మన ఇళ్లలోనే రుజువు ఉన్నప్పుడు, దాన్ని వదిలి ఘాతాల పట్టికతో మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. పదహారు అణాల రూపాయి కూడా మనదే. పదహారు దగ్గర నిండే లెక్క, అంటే హెక్సాడెసిమల్, పాఠానికి దాన్ని దాచి ఉంచాం.

ఒక జాగ్రత్త. 205లో 8 గానీ 9 గానీ పెట్టబోతే సిమ్యులేటర్ ఒప్పుకోదు. ఆ సంగతి గైడులో ముందే చెప్పండి.

డిపాజిట్, ఎగ్జామిన్ వంటి మాటలను తెలుగు చేయాలా?

కమాండును మార్చలేం, అది కొట్టాల్సిన మాట. అర్థం మాత్రం చెప్పాలి, వీలైతే ఆ పేరు ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. పీడీపీ-8 ముందు పలక మీద వరుసగా 12 స్విచ్చులు ఉండేవి. పైకీ కిందికీ వేసి ఒక సంఖ్యను అమర్చి, డిపాజిట్ మీట నొక్కితే అది మెమరీలోకి వెళ్లేది. ఎగ్జామిన్ మీట నొక్కితే గదిలో ఉన్నది దీపాల్లో కనిపించేది. సిమ్యులేటర్ కమాండ్లకు ఆ మీటల పేర్లే నిలిచాయి. ఇది తెలిసిన పిల్లలు కమాండ్లను బట్టీపట్టరు; ఊహలో స్విచ్చులు వేస్తారు.

మిగతా పదాల విషయంలో నా పద్ధతి ఒక్కటే. తరగతిలో పిల్లలు ఒకరితో ఒకరు అనుకునే మాట ఏదో అదే రాస్తాను. మెమరీ, రిజిస్టర్, ఫైలు, డిస్కు అలాగే ఉంటాయి. మెమరీ లొకేషన్‌ను "గది" అంటే అందరికీ వెంటనే పట్టుబడింది, అందుకే ఉంచాం. అక్యుములేటర్‌ను మొదటి పాఠంలో "కూడిక పెట్టె" అని, రెండో పాఠం నుంచి అసలు పేరుతో పిలుస్తాం. నిఘంటువు తిరగేసి సంస్కృత సమాసాలు కట్టవద్దని నా మనవి. చదివేవారు ఆ తర్వాత ఇంగ్లీషు మాన్యువల్ తెరవాలి, అక్కడ వారికి ఈ పేర్లే ఎదురుపడాలి.

కొత్తవారు అన్నిటికంటే ఎక్కువగా ఎక్కడ తప్పిపోతారు?

తాము ఎక్కడ ఉన్నారో తెలియక. సిమ్యులేటర్‌తో మాట్లాడటం వేరు, సిమ్యులేటర్ లోపల నడుస్తున్న పాత యంత్రంతో మాట్లాడటం వేరు. తెర ఒక్కటే, కీబోర్డు ఒక్కటే. యూనిక్స్‌కు ఇవ్వాల్సిన కమాండును "సిమ్>" దగ్గర కొడతారు, సిమ్యులేటర్‌కు ఇవ్వాల్సినదాన్ని యూనిక్స్‌కు ఇస్తారు. రెండూ తప్పంటాయి. ఎవరు తప్పంటున్నారో తెలియదు.

మా గైడులో దీనికి వసారా, ఇల్లు అని పేర్లు పెట్టాం. "సిమ్>" కనిపిస్తే మీరు వసారాలో ఉన్నారు. గో అన్నా బూట్ అన్నా ఇంట్లోకి వెళ్తారు. కంట్రోల్ మీట పట్టుకుని ఇ నొక్కితే మళ్లీ వసారాలోకి వస్తారు. అప్పుడు ఇంట్లో అందరూ ఎక్కడివారు అక్కడే ఆగిపోయి ఉంటారు. కంటిన్యూ అంటే తిరిగి కదులుతారు. ప్రతి కమాండు పక్కనా ఎడమ అంచులో "వసారా" లేదా "ఇల్లు" అని రాసి ఉంటుంది. ఈ గుర్తులు పెట్టాక ఆదివారం నాడు నన్ను పిలిచే పిలుపులు బాగా తగ్గాయి.

డిస్కు ఫైలు జతచేశాక కూడా బూట్ కావడం లేదు. గైడులో ఏం చెప్పాలి?

సిమ్యులేటర్‌కు పాత యంత్రపు డిస్కు అంటే మన కంప్యూటర్‌లోని ఒక ఫైలే. ముందు ఆ ఫైలు పేరు చూడమనండి. అటాచ్ కమాండుకు ఇచ్చిన పేరుతో ఫైలు లేకపోతే, డిస్కుల విషయంలో సిమ్‌హెచ్ ఆ పేరుతో కొత్తగా ఒక ఖాళీ ఫైలు సృష్టిస్తుంది. కొత్త ఫైలు సృష్టిస్తున్నానని ఒక వరుస చెబుతుంది కూడా. కొత్తవారు ఆ వరుసను శుభవార్తగా తీసుకుంటారు. పేరులో ఒక్క అక్షరం తప్పినా ఖాళీ డిస్కు తగిలి, దాన్నుంచి బూట్ చేయబోయి ఆగిపోతుంది. అటాచ్ తర్వాత అడ్డగీత, ఇ చేర్చి వాడితే, లేని ఫైలును లేదనే చెబుతుంది. గైడులో ఎప్పుడూ ఆ రూపమే ఇవ్వండి.

ఇంకొకటి. పాత యంత్రం లోపల చేసిన ప్రతి మార్పూ ఆ ఫైలులోనే పడుతుంది. కాబట్టి డిస్కు ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టడం పాఠంలో మొదటి అడుగుగా ఉండాలి, చివర హెచ్చరికగా కాదు. చెడిన తర్వాత చదివే హెచ్చరిక వల్ల ఏం లాభం?

యూనిక్స్ పాఠం రాయవచ్చా?

రాయాలి, నాలుగో ఐదో పాఠంగా. 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్ పీడీపీ-11 మీద చక్కగా నడుస్తుంది. అలిపిరి మెట్లు ఎక్కేవారికి మోకాళ్ల మెట్టు ఎక్కడ వస్తుందో ముందే చెబుతాం, ఊపిరి దాచుకుంటారని. యూనిక్స్ పాఠానికీ అలాంటి మాట ముందే చెప్పాలి. అందులో మోకాళ్ల మెట్టు కీబోర్డే. అక్కడ తప్పు అక్షరం చెరపడానికి బ్యాక్‌స్పేస్ పనికిరాదు. హ్యాష్ గుర్తు కొడితే వెనకటి అక్షరం చెరిగినట్టు, ఎట్ గుర్తు కొడితే వరుస మొత్తం చెరిగినట్టు లెక్క. తెర మీద ఏదీ మాయం కాదు, ఎందుకంటే ఆ రోజుల్లో అవతల ఉన్నది కాగితం మీద అచ్చు కొట్టే టెలిటైప్. కాగితం మీద పడిన అక్షరం వెనక్కి రాదు.

పెద్దక్షరాల మీట పడి ఉండగా లాగిన్ పేరు కొడితే, చిన్నక్షరాలు లేని టెలిటైప్ నుంచి మాట్లాడుతున్నారని యూనిక్స్ నమ్మి, అన్నీ పెద్దక్షరాల్లోనే చూపిస్తుంది. బయటికి వచ్చి చిన్నక్షరాలతో మళ్లీ లాగిన్ కావాలి. ముగించే ముందు సింక్ అని కొట్టి, ఆ తర్వాతే వసారాలోకి రావాలి. లేకపోతే రాసినది డిస్కుకు చేరకపోవచ్చు.

తెరచిత్రాలు పెట్టాలా, అక్షరాలే చాలా?

అక్షరాలు. కొట్టాల్సిన కమాండును చిత్రంలో పెడితే నకలు తీసుకోలేరు, చూపులేనివారికి అందదు, చిన్న ఫోనులో కనిపించదు. "సిమ్>" మొదటిసారి వచ్చినప్పుడు కిటికీ ఎలా ఉంటుందో చూపడానికి ఒక్క చిత్రం చాలు.

వర్డ్ ప్రాసెసర్‌లో గైడు రాసేవారు ఒకటి గమనించాలి. అది అడ్డగీతను తనంతట తాను పొడవాటి గీతగా, నిలువు కొటేషన్ గుర్తులను వంపు గుర్తులుగా మార్చేస్తుంది. చూడటానికి బాగుంటుంది. ఆ వరుసను నకలు తీసి సిమ్యులేటర్‌కు ఇస్తే తప్పంటుంది, ఎంత చూసినా తప్పు కంటికి ఆనదు. కమాండ్లున్న పాఠాలను మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లోనే రాయండి.

ఫోను ఒక్కటే ఉన్నవారి సంగతి?

బ్రౌజర్‌లోనే నడిచే పీడీపీ సిమ్యులేటర్లు ఉన్నాయి. చూడటానికి బాగానే ఉంటాయి. కంట్రోల్ మీట లేని కీబోర్డుతో వసారాకూ ఇంటికీ తిరగడం మాత్రం కష్టం. గ్రంథాలయంలోనో కళాశాలలోనో ఒక గంట కంప్యూటర్ దొరికితే మొదటి పాఠం పూర్తవుతుంది. అందుకే ఆ పాఠం రెండు పుటల కాగితంగా కూడా అచ్చు వేసి ఇస్తున్నాం.

గైడు బాగా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

ఇంతకుముందు ఎన్నడూ చూడనివారి చేతికి ఇచ్చి, పక్కన కూర్చుని, నోరు మెదపకుండా ఉండాలి. ఇది రాసేవారికి కష్టమైన పని. వారు తప్పు వరుస కొడుతుంటే చేయి ముందుకు వెళ్తుంది. వెళ్లనీయకండి. ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు, ఏ వాక్యాన్ని రెండోసారి చదివారు, ఎక్కడ పాఠం వదిలేసి మీ ముఖం చూశారు అన్నవి రాసుకోండి. మీ ముఖం చూసిన ప్రతిచోటా గైడులో ఒక వాక్యం లోపించినట్టే.

"అర్థమైందా?" అని అడగవద్దు. మన పిల్లలు పెద్దవారి ముందు అర్థం కాలేదని చెప్పరు, మర్యాద అడ్డొస్తుంది. "ఇప్పుడు 6కు 3 కలిపి చూపించమ్మా" అనండి. చేయగలిగితే అర్థమైనట్టు.

ఒక మనిషి ఒక్కసారే కొత్తవారుగా ఉంటారు. ఒక పాఠాన్ని ఒకరి మీద పరీక్షించాక, సరిదిద్దిన పాఠానికి ఇంకొకరు కావాలి. అందుకే మా ఇంటికి చుట్టాలెవరు వచ్చినా ఒక గంట అడుగుతాను. ఇంటర్మీడియట్ పిల్లల నుంచి పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరు గారి దాకా కూర్చున్నారు. అందరికంటే తక్కువ ప్రశ్నలతో పూర్తి చేసినది ఆ పోస్టుమాస్టరు గారే. టెలిగ్రాఫ్ రోజుల నుంచి రాసింది రాసినట్టు కొట్టడం అలవాటట.

కృత్రిమ మేధ చేత రాయించవచ్చా?

చిత్తుప్రతికి వాడుకోండి. కానీ ప్రతి వరుసనూ మీ చేత్తో కొట్టి, తెర మీద ఏం వచ్చిందో కళ్లతో చూసి, చూసిందే రాయండి. ఇది మనుషులు రాసిన చిత్తుప్రతికీ వర్తిస్తుంది. జ్ఞాపకం మీద రాసిన ఒక్క సంఖ్య తప్పితే, చదివేవారికి ఆ సాయంత్రమంతా పోతుంది.

పాత సాఫ్ట్‌వేర్‌ను పంచుకోవడం చట్టబద్ధమేనా?

సిమ్‌హెచ్ స్వేచ్ఛగా వాడుకుని పంచుకోదగిన లైసెన్సుతోనే వస్తుంది. మొదటి నుంచి ఏడో ఎడిషన్ వరకు పీడీపీ-11 యూనిక్స్‌ను కాల్డెరా సంస్థ 2002లో ఉదారమైన లైసెన్సు కింద విడుదల చేసింది. మిగతావాటికి ఒక్కోదానికి ఒక్కో నియమం ఉంటుంది. పాతదైనంత మాత్రాన అందరిదీ కాదు. గైడులో ప్రతి డిస్కు ఫైలు పక్కనా అది ఏ అనుమతితో వచ్చిందో ఒక వరుస రాయండి. తెలియకపోతే ఆ ఫైలు మీద పాఠం కట్టకండి.

మా తాతగారి పెట్టెలో చిల్లుల కాగితపు చుట్టలు, కార్డుల కట్టలు, పాత మాన్యువళ్లు ఉన్నాయి. పనికొస్తాయా?

వస్తాయి, దయచేసి పారేయకండి. చిల్లుల టేపును యంత్రం లేకపోయినా చదవవచ్చు. చిల్లులు స్పష్టంగా కనిపించే ఫొటోలు చాలు. అతుక్కుపోయిన చుట్టను లాగి విప్పవద్దు, రబ్బరు బ్యాండ్ వేయవద్దు. మాన్యువళ్లలో అచ్చు పుటల నకళ్లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. మీ తాతగారు అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్నవి మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా దొరకవు. "ఇక్కడ రెండుసార్లు నొక్కాలి" వంటి మాట కనిపిస్తే ముందు ఆ పుటను ఫొటో తీయండి. ఆయన ఉంటే, పక్కన కూర్చుని చెప్పించి ఫోనులో రికార్డు చేయండి. ఏ సంవత్సరం, ఏ ఊరు, ఏ పని కోసం అని అడగండి.

కార్డుల కట్ట విషయంలో మరింత జాగ్రత్త. కార్డుల వరుసే ప్రోగ్రాం. అవి కలిసిపోతే ప్రోగ్రాం పోయినట్టే. అందుకే అప్పటివారు కట్ట పై అంచు మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు ఏటవాలుగా ఒక గీత గీసేవారు. కట్ట చేజారి చెల్లాచెదురైతే, ఆ గీత తిరిగి కలిసేలా కార్డులను పేర్చుకునేవారు. మీ కట్ట మీద అలాంటి గీత ఉందేమో వెలుతురులో పెట్టి చూడండి. ఉంటే, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసేదాకా కట్టకు ఉన్న దారం విప్పకండి.